రైలోడకు ఒక ఇస్తరాకు

"అక్కా, ఓడకు ఏమేం వండాల?" అని ఫోన్లో అడిగింది ఆ పిల్ల.

నేను బొమ్మనహళ్ళిలో ఆఫీసులో ఉన్నాను. మద్రాసు రేవు నుంచి కదలాల్సిన ఓడ కదల్లేదని మేనేజరు నా బల్ల ముందు నిలబడి విసుక్కుంటున్నాడు. ఆయన ఆ ఓడ గురించి అడుగుతుంటే నేను ఇంకో ఓడకు వంట చెబుతున్నాను. "అన్నం, పులుసు, వడలు. అందరికీ ఏం వండితే అదే. బొగ్గు మాత్రం మరిచిపోవద్దు, ఇస్త్రీ బండాయన్ని అడిగితే ఇస్తాడు" అని చెప్పి పెట్టేశాను. మేనేజరు నా వైపు అదోలా చూసి, వెళ్ళిపోయాడు.

ఫోన్ చేసింది మేము ఒకప్పుడు అద్దెకున్న ఇంటి అవ్వ కోడలు. అవ్వ పోయి ఇంకా ఏడాది కాలేదు. పెద్దలకు పెట్టుకునే భాద్రపద అమావాస్య వస్తోంది. ఇన్నాళ్ళూ అందరికీ వండి ఆకులు వేసిన అవ్వకే ఈసారి ఆకు వెయ్యాలి. వేసే పిల్లకు ఎవరి ఆకులో ఏం వెయ్యాలో తెలీదు. నన్ను అడుగుతోంది, నాకేదో తెలిసినట్టు. ఆ ఇంటి సంగతుల్లో నాకు ఏదీ ఎప్పుడూ సరిగ్గా తెలిసింది లేదు.

పెళ్ళయిన కొత్తలో మేము కె.ఆర్.పురం స్టేషన్ వెనక అవ్వ వాళ్ళ మిద్దెమీది గదిలో అద్దెకు దిగాం. మా ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. నాది బట్టల కంపెనీలో ఎగుమతుల విభాగం. చొక్కాల పెట్టెలు ఏ ఓడలో పోతున్నాయో కాగితాలు తయారుచేయడం నా పని. గొప్పగా వినిపిస్తుంది కానీ నేను సముద్రాన్నే చూడలేదు. మాది మదనపల్లె పక్క. నీళ్ళంటే మాకు ట్యాంకరు.

ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు అవ్వ మా ఊరేదో, మేమెవరమో ఏమీ అడగలేదు. ఏం పని చేస్తావంది. చెప్పాను. చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఓడలా?" అంది. ఔనన్నాను, కాస్త గొప్పగానే. అద్దె ఎంతో మాట్లాడకుండానే తాళంచెవి చేతిలో పెట్టేసింది.

ఆ రోజు నుంచి సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి మెట్ల దగ్గర కూర్చుని ఉండేది. "ఈ పొద్దు ఏ ఓడ పోయింది అమ్మణ్ణీ?" అని అడిగేది. నేను పేరు చెప్పేదాన్ని. కొన్నాళ్ళు పోయాక ఆ పేరు గుర్తు పెట్టుకుని, అది తిరిగొచ్చిందా అనేది. తిరిగి రావడం మాకు సంబంధం లేదవ్వా, సరుకు ఎక్కిందంటే మా పని అయిపోయినట్టే అంటే ఆమెకు నచ్చేది కాదు. "పంపించేది తెలుస్తాది గానీ వచ్చేది తెలీదా? అదేం ఆఫీసమ్మా" అని సణుక్కుంటూ లోపలికి పోయేది. అలసిపోయి వచ్చిన నాకు ఒళ్ళు మండేది.

విచిత్రమైన మనిషి. బస్సు ఎక్కేముందు దాని పక్కన చెయ్యి పెట్టి ఒకసారి నిమిరేది, ఆవును నిమిరినట్టు. వెనకున్నవాళ్ళు తోసినా సరే. ఆటో ఎక్కితే ముందు అడిగేది, ఇది ఎన్నేండ్ల బండప్పా అని. ఆయుధపూజ నాడు పిండిమర, నీళ్ళ మోటారు, మా గదిలోని టేబుల్ ఫ్యాను, దేన్నీ వదలకుండా బొట్టు పెట్టేది. ఒకసారి ఎదురింటివాళ్ళు పాత స్కూటర్ని పాత ఇనుం బండికి వేసేశారు. అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి పోయి తలకు పోసుకుని వచ్చింది. ఎవరు పోయారోనని నేను హడలిపోయాను. సంగతి తెలిశాక మా ఆయన చాలా రోజులు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఒక ఆదివారం కాఫీ తాగుతూ అవ్వ మామూలుగా అంది: "మా నాయన రైలు ఓడలో పనిజేసినాడు."

రైలా, ఓడా అన్నాను. రైలుదే ఓడ అంది. మా ఆయనకు ఇది తగులుకుంది. తాను రైల్వేలో పనిచేస్తున్నాడు, రైల్వేకు ఓడలేమిటి, ఎవరైనా వింటే నవ్వుతారు అన్నాడు. అవ్వ వాదించలేదు. లోపలికి పోయి పాత చీర ముక్కలో చుట్టిన పింగాణీ పళ్ళెం ఒకటి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అంచు చుట్టూ నీలం గీత. మధ్యలో ఏదో ఇంగ్లండు రైలు కంపెనీ ముద్ర. దాని కింద ఇంగ్లీషులో లేడీ హారియట్ అని ఉంది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకోసారి కాఫీ అడిగాడు. అవ్వకు చదువు రాదు. ఆ ముద్ర ఓడకు పెట్టిన బొట్టు అనుకునేది.

ఆ ఓడ కథ అవ్వ నోట ఎన్నిసార్లు విన్నానో. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పేది కాదు. మొత్తం మీద నాకు అర్థమైంది ఇంత. అది రాణి కాలంలో దొరల దేశంలో చేసిన పొగ ఓడ. రైలు కంపెనీవాళ్ళే చేయించుకున్నారు. రైలు సముద్రం ఒడ్డు దాకా పోయి ఆగేది. జనం రైలు దిగి అదే టికెట్టుతో ఓడ ఎక్కేవాళ్ళు. పైన దొరసానులు, కింద ఎద్దులు, వెన్న డబ్బాలు. తెల్లారేసరికి అవతలి దేశం. అక్కడ ఇంకో రైలు. అట్లా చాలా ఏళ్ళు తిరిగి తిరిగి ముసలిదైతే, కంపెనీవాళ్ళు దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్ళు పేరు మార్చి ఈ పక్క సముద్రానికి తెచ్చారు. మద్రాసు నుంచి రంగూనుకు కూలి జనం, అక్కడి నుంచి ఇక్కడికి బియ్యం. పేరు మారినా పళ్ళేలు మారలేదు. అవ్వ వాళ్ళ నాయన ఇక్కడి రైలు షెడ్డులో ఇంజన్లకు బొగ్గు వేసేవాడు. మంట సంగతి తెలిసిన మనిషని ఓడలోకి పిలిస్తే పోయాడు. పాతకాలం సంగతులన్నీ ఆ ఓడలోని ముసలి మిస్త్రీ ఆయనకు చెప్పాడు, ఆయన ఇంటికొచ్చినప్పుడు కూతురికి చెప్పాడు. అంచు పగిలిందని పారేయబోతే ఈ పళ్ళెం అడిగి తెచ్చుకున్నాడు.

ఆ ఓడకు పొగగొట్టాలు ఎన్ని అంటే ఒకరోజు రెండు అనేది, ఇంకోరోజు ఒకటే అనేది. అడిగితే "అప్పుడు రెండు, ఇప్పుడు ఒకటి" అనేది. ఎప్పుడు అప్పుడు, ఎప్పుడు ఇప్పుడు? తండ్రి ఎట్లా ఉండేవాడు, పొట్టా పొడుగా, కోపిష్టా అంటే ఏమీ చెప్పలేకపోయేది. ఆయన చెప్పినదంతా ఓడ గురించే. మనిషి గురించి అడిగితే ఓడ గురించి చెప్పేది.

తండ్రి ఆఖరిసారి ఇంటి నుంచి పోయినప్పుడు అవ్వ చిన్నపిల్ల. అప్పటికే యుద్ధం మొదలైందని వాళ్ళమ్మ అనేదట. తర్వాత రంగూను మీద బాంబులు పడ్డాయి. అక్కడి తెలుగువాళ్ళు అడవుల్లో నడిచి నడిచి ఊళ్ళకు చేరుకున్నారు. ఈయన చేరలేదు. పోయాడని చెప్పినవాళ్ళూ లేరు, చూశామన్నవాళ్ళూ లేరు.

ఇదంతా నాకు తెలిసింది ఆ ఇంట్లో మొదటి పెద్దల అమావాస్య నాడు. మిద్దె మీద వరుసగా ఇస్తరాకులు వేసింది అవ్వ. తాతకు, నాన్నమ్మకు, అమ్మకు, తన మొగుడికి. మొగుడి ఆకు పక్కన బీడీకట్ట కూడా. కాకులు వచ్చి ముట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. కిందికి దిగాక చూస్తే, గడప లోపల గోడ వారగా ఆ పింగాణీ పళ్ళెం. దాంట్లో అన్నం, వడలు, ఓళిగ. పక్కన చెంబుతో నీళ్ళు, మడిచిన తుండు. ఇదెవరికి అన్నాను.

"మా నాయనకు. కాళ్ళు కడుక్కోను నీళ్ళు పెట్టినా."

అందరికీ పైన, ఈయనకు ఇక్కడ ఎందుకని అడిగితే చెప్పింది. అవ్వ వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా బొట్టు తియ్యలేదు. మంచంలో ఉండి కూతురి చెయ్యి పట్టుకుని, ఓడ సంగతి తెలిసేదాకా మీ నాయనకు ఆకు పెట్టొద్దు అందట. పెడితే పోయినట్టే. పోని మనిషికి పెట్టామంటే మన చేతులారా పంపించినట్టు. పెట్టలేదూ, ఆయన నిజంగా పోయి ఉంటే, ఇన్నేళ్ళూ ఆకలితో తిరుగుతున్నట్టు. ఈ రెంటి మధ్యా ఆ తల్లి నలిగింది, తర్వాత కూతురు నలిగింది. అందుకని ఈ పళ్ళెం. కాకులు రాని చోట, ఆలస్యంగా వచ్చే మనిషికి మూత పెట్టి ఉంచినట్టు.

"నువ్వు ఓడల ఆఫీసులో ఉండావు గదా అమ్మణ్ణీ. అదేమయిపోయిందో కనుక్కో. నేను పొయ్యేలోగా నాకు తెలియల్ల" అంది. అద్దె మాట్లాడకుండా తాళంచెవి ఎందుకిచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

మద్రాసులో మా సరుకు ఓడకెక్కించే కంపెనీలో ఒక పెద్దాయన ఉండేవాడు. నెల్లూరు మనిషి, ఫోన్లోనే పరిచయం. ఆయన్ని అడిగాను. మొదట నవ్వాడు. రైలు కంపెనీలకు ఓడలుండేవి, అవ్వ చెప్పింది నిజమేనమ్మా అన్నాడు. మా ఆయనకు ఆ మాట చేరవేయడం నాకు ఎంత తృప్తిగా ఉండిందో. పెద్దాయనకు ఇది వ్యసనమైపోయింది. రేవులో రిటైరైన వాళ్ళనీ, పాత పుస్తకాలున్న వాళ్ళనీ పట్టుకున్నాడు. కొన్ని నెలలకు ఫోన్ చేసి, దొరికిందమ్మా, మునిగిపోయింది అన్నాడు. యుద్ధంలో బాంబు పడి.

ఆ సాయంత్రం బస్సులో వస్తున్నంతసేపూ ఎట్లా చెప్పాలో తెలీలేదు. అవ్వ మెట్ల మీద ఉంది. పక్కన కూర్చుని చెప్పేశాను. అవ్వ ఏడవలేదు.

"ఏ సముద్రంలో?" అంది.

ఇంగ్లండు పక్క అన్నాను.

"మా ఓడ ఈ పక్కకు వచ్చేసినాది గదా. మళ్ళా ఆ పక్కకు యాల పోతాది? అది వేరే ఓడ" అని, పొయ్యి మీద పాలు ఉన్నాయని లేచిపోయింది.

నాకు కోపం వచ్చింది. అంత కష్టపడి కనుక్కుంటే ఇదా అని. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, వేరే ఓడ ఎట్లా అవుతుంది? రెండు వారాల తర్వాత పెద్దాయనే మళ్ళీ ఫోన్ చేశాడు, గొంతులో సిగ్గుతో. రైలు కంపెనీవాళ్ళు పాత ఓడను అమ్మేశాక కొత్తది ఇంకోటి చేయించుకుని దానికీ అదే పేరు పెట్టారట. తాత పేరు మనవడికి మనం పెట్టుకోమా, అట్లా. మునిగింది మనవరాలు. ముసలిది మాత్రం పేరు మార్చుకుని రంగూను దారిలో తిరిగింది. ఇక పనికిరాదని దాన్ని కలకత్తా పక్క ఎక్కడో ఇనుముకు పగలగొట్టేశారు. అదీ యుద్ధం మొదలు కాకముందే.

ఇక్కడ నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. అవ్వ వాళ్ళమ్మ లెక్క ప్రకారం ఆయన ఆఖరిసారి ఇల్లు కదిలింది యుద్ధం మొదలయ్యాక. అప్పటికి ఆ ఓడే లేదు. మరి ఏ ఓడకని చెప్పి పోయాడు? లేకపోతే ఆ తల్లే తేదీలు కలిపేసుకుందా? ఓడ పగలగొట్టినప్పుడు జీతం తీసుకుని దిగిన మనిషి ఎటు పోయాడు? మా ఆయన్ని అడిగితే, పాత సంగతులు మనకెందుకు, ముసలామెకు చెప్పొద్దు అన్నాడు. నేను చెప్పాను. ఆమె అడిగింది తెలియాలని, బాగుండాలని కాదు.

అవ్వ అన్నీ విన్నది. తేదీల మాట పట్టించుకోలేదు, అమ్మ మరిచిపోయింటాది అంది. అడగాల్సింది ఒకటే ఉన్నట్టు నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది:

"పగలగొట్టేముందు లోపల మనుషులు దిగుతారా?"

"దిగుతారు కదవ్వా. మనుషులుండగా ఎవరు పగలగొడతారు?"

"అయితే దిగినాడు" అంది.

తర్వాత లోపలికి పోయి తలకు పోసుకుంది. ఈసారి మా ఆయన నవ్వలేదు.

ఆ ఏడు అమావాస్యకు నేను సెలవు పెట్టి ఉండిపోయాను. ఓడ సంగతి తెలిసిపోయింది. తల్లి పెట్టిన షరతు తీరింది. ఇక తండ్రికి పైన ఆకు పడుతుందనుకున్నాను. అనుకున్నట్టే వరుస చివర ఒక కొత్త ఆకు పడింది. అన్నం, పులుసు, వడలు. వాటి పక్కన ఇంత బొగ్గు ముక్క. బొగ్గు మోసిన మనిషికి బొగ్గు పెట్టడమేమిటవ్వా, బీడీ పెట్టు అన్నాను.

"ఇది మా నాయనకు గాదు. ఓడకు."

అవ్వ ఆకు సర్దుతూనే ఉంది.

"అది పోయినాదని తెలిసింది గదా. ఇన్నేండ్లు ఎవురూ దానికి పెట్టలేదు. అంతమందిని మోసినాది."

"మీ నాయనకో?"

"దిగినోడు యాడికి పోతాడమ్మణ్ణీ. వస్తాడు."

కింద గడప లోపల పళ్ళెం, చెంబు, తుండు ఎప్పటిలాగే ఉన్నాయి. నాకు పట్టరాని కోపం వచ్చింది. అవ్వ మీద కాదు, ఆ దిగిపోయిన మనిషి మీద. కలకత్తా నుంచి రైలుంది, రైలు మనిషికి రైలు దారి తెలీదా? కూతురు ముసలిదైపోయేదాకా రాకపోవడానికి ఏం అడ్డమొచ్చింది? అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడేమో, ఎవరు చూశారు? ఇదంతా నోటి దాకా వచ్చింది. మింగేశాను. పైన కాకి వచ్చి ఓడ ఆకులో వడ ఎత్తుకుపోయింది. బొగ్గును ఒకసారి ముక్కుతో పొడిచి వదిలేసింది. నల్లగా ఉందని ఇంకో కాకి అనుకునిందేమో అంది అవ్వ. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

తర్వాత మేము బొమ్మనహళ్ళికి మారిపోయాం. కె.ఆర్.పురంలో పట్టాల మీదుగా తీగల వంతెన కట్టారు. ఒకసారి నేను చూడ్డానికి పోతే అవ్వ దాన్ని చూపించి, ఓడకు మాదిరే స్తంభాలున్నాయి, తాళ్ళున్నాయి, ఇంగ ఇదెప్పుడు కదులుతాది అంది. ఇంటర్నెట్టు వచ్చాక సైబర్ కేఫులో కూర్చుని నేనే వెతికాను. అక్కడ ఇంకో కథ దొరికింది. ఆ ఓడను పగలగొట్టనేలేదట, ఇంజను తీసేసి రంగూను రేవులో బొగ్గు నిలవ చేసుకోవడానికి కట్టేసి ఉంచారట. ఏది నిజమో నాకైతే తేలలేదు. ఫోన్లో అవ్వకు చెప్పాను. "చాల్లే అమ్మణ్ణీ, ఇంగ సుమ్మనే ఉండు. ఒకసారి ఆకు పెట్టినాక బతికుండాదంటే నేనేం జేసేది?" అంది. ఆ తర్వాత నేను వెతకడం మానేశాను.

అమావాస్య నాడు పొద్దున్నే కె.ఆర్.పురం చేరుకున్నాను. మిద్దె మీద అవ్వకు మొదటి ఆకు పడింది. వక్కాకు సంచి పక్కన పెట్టారు. ఆ పక్కనే ఓడ ఆకు, బొగ్గు ముక్కతో. కాకులు తొందరగానే వచ్చాయి. అవ్వ ఆకును కాకి ముట్టినప్పుడు కోడలు పిల్ల కళ్ళు తుడుచుకుంది.

కిందికి దిగి వంటింట్లోకి పోయిన పిల్ల పింగాణీ పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది. అన్నం, వడలు, ఓళిగ వడ్డించే ఉంది.

"అక్కా, దీన్ని యాడ పెట్టల్ల? అత్త ఏమీ చెప్పలేదు. ఇంగ మిద్దె మీద పెట్టేద్దామా? కూతురే పోయినాది గదా, ఆయన యాడుంటాడు?"

సరిగ్గా ఇదే మాట ఇన్నేళ్ళూ నేను అనుకుంటూ వచ్చింది. ఆయన బతికుంటే ఎంత వయసో లెక్కవేస్తే నవ్వొస్తుంది. పెట్టెయ్ అనడానికి నోరు తెరిచాను.

"లోపలే పెట్టు" అన్నాను. "చెంబులో నీళ్ళున్నాయా?"

ఉన్నాయంది. పళ్ళెం గోడ వారగా పెట్టింది. తుండు తెచ్చి మడిచింది. మూత పెడుతూ ఆగి నా వైపు చూసింది.

"వస్తే, అత్త లేదని ఎవురు చెప్తారక్కా?"

"నేను చెప్తాలే" అని, తలుపు తగలకుండా చెంబును కాస్త ఇవతలికి జరిపాను.